క్యాషియర్ బీరు అమ్మితే ఓనర్ మెడకు ఎంత చుట్టుకుంటుంది? టెక్సస్ సేఫ్ హార్బర్ సంగతి

మీరు అడిగింది ఇదీ. డాలస్ దగ్గర మీ గ్యాస్ స్టేషన్ స్టోర్‌లో నైట్ షిఫ్ట్ కుర్రాడు 19 ఏళ్ల అబ్బాయికి సిక్స్ ప్యాక్ అమ్మాడు. టీఏబీసీ ఏజెంటు, అంటే టెక్సస్ ఆల్కహాలిక్ బెవరేజ్ కమిషన్ మనిషి, అక్కడికక్కడే కుర్రాడికి టికెట్, అంటే కేసు నోటీసు, రాశాడు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే మీరు ఆ కుర్రాడితో ‘తప్పు జరిగితే పూర్తి బాధ్యత నాదే’ అని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం పనికొస్తుందా, మద్యం అమ్మే పర్మిట్ పోతుందా, రేపెవరైనా తాగి యాక్సిడెంట్ చేస్తే మీ ఇల్లు పోతుందా అని అడిగారు. పైగా ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో పార్ట్‌నర్‌గా చేరబోతున్నారు. కాబట్టి రెండింటికీ కలిపే చెప్తాను.

ముందు ఆ కాగితం సంగతి. టీఏబీసీ దగ్గర దానికి విలువ లేదు. టెక్సస్ మద్యం చట్టంలో ‘పర్మిట్ ఉన్నవాడు’ అనే మాటకు నిర్వచనంలోనే అతని ఏజెంటు, పనివాడు, ఉద్యోగి అందరూ కలిసి ఉన్నారు. మీ కుర్రాడు అమ్మితే మీరు అమ్మినట్టే. మీరు ఇంట్లో నిద్రపోతున్నారా, ఇండియాలో ఉన్నారా అన్నది లెక్కలోకి రాదు. ఇద్దరి మధ్య రాసుకున్న కాగితం దీన్ని మార్చలేదు.

దీన్ని మార్చగలిగేది ఒక్కటే ఉంది. అదే చట్టంలో 106.14 సెక్షన్. అందరూ సేఫ్ హార్బర్ అంటారు. మైనర్‌కి (మద్యం విషయంలో 21 నిండనివాళ్లంతా మైనర్లే) గానీ, మత్తులో ఉన్నవాడికి గానీ ఉద్యోగి అమ్మినప్పుడు, మూడు సంగతులు నిలబడితే ఆ పనిని యజమానికి అంటగట్టకూడదని అది చెప్తుంది. కమిషన్ ఆమోదించిన సెల్లర్ ట్రైనింగ్‌కి వెళ్లాలని యజమాని నియమం పెట్టి ఉండాలి. ఆ ఉద్యోగి నిజంగా ఆ ట్రైనింగ్ పూర్తిచేసి ఉండాలి. చట్టం తప్పమని యజమాని నేరుగా గానీ, పరోక్షంగా గానీ ప్రోత్సహించి ఉండకూడదు.

చాలామంది మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతారు. సర్టిఫికెట్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టేసి, పని అయిపోయిందనుకుంటారు. కేసు వచ్చినప్పుడు ఓడిపోయేది మూడోదాని దగ్గర.

కమిషన్ రూల్స్ ఈ మూడింటినీ ఇంకా విడదీసి అడుగుతాయి. అమ్మిన మనిషి దగ్గర అమ్మిన రోజుకి గడువు తీరని సర్టిఫికెట్ ఉండాలి. అది రెండేళ్లే చెల్లుతుంది. మద్యం అమ్మే, వడ్డించే, డెలివరీ చేసే ప్రతి ఉద్యోగీ, వాళ్ల పైనున్న మేనేజరూ చేరిన 30 రోజుల్లోపు సర్టిఫై అయి ఉండాలి. బాధ్యతగా అమ్మడం గురించి రాతపూర్వకమైన పాలసీ ఉండాలి. ప్రతి ఉద్యోగీ దాన్ని చదివి, అర్థం చేసుకున్నట్టు రుజువు ఉండాలి. అమ్మినవాడు స్వయంగా ఓనర్ గానీ, కంపెనీ ఆఫీసర్ గానీ అయి ఉండకూడదు.

ఈ ఆఖరిది మన స్టోర్లకు పెద్ద గొయ్యి. స్టోర్ నడిపే ఎల్ఎల్‌సీలో, అంటే పరిమిత బాధ్యత కంపెనీలో, భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటాయి, ఇద్దరూ వంతులు వేసుకుని క్యాష్ రిజిస్టర్ దగ్గర నిలబడతారు. ఆ సమయంలో మైనర్‌కి అమ్మకం జరిగితే సేఫ్ హార్బర్ అనే ఊసే లేదు. సర్టిఫికెట్ ఉన్నా సరే. ఓనర్ కౌంటర్ మీద ఉన్న గంటల్లో తప్పుకి అవకాశమే లేకుండా పనిచేయాలి.

30 రోజుల గడువు ఇంకో గొయ్యి. ‘నెల టైముంది కదా’ అని కొత్త కుర్రాణ్ణి మర్నాడే రిజిస్టర్ మీద నిలబెడతారు. 12వ రోజున అతను మైనర్‌కి అమ్మాడనుకోండి. 30 రోజుల నియమం మీరు తప్పలేదు, నిజమే. కానీ అమ్మినవాడి దగ్గర ఆ రోజు సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆ అమ్మకానికి రక్షణ లేదు. కోర్సు ఆన్‌లైన్‌లో ఉంటుంది, కొన్ని గంటల పని. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా బీరు రింగ్ చేయనివ్వకండి. కూలర్ సర్దడం, ఫ్లోర్ తుడవడం, కాఫీ పెట్టడం లాంటి పనులు స్టోర్‌లో ఎప్పుడూ ఉంటాయి. సర్టిఫికెట్ నిజమైనదో కాదో టీఏబీసీ వెబ్‌సైట్లో మీరే వెతికి చూసి, ఆ పేజీ తేదీతో సహా ప్రింట్ తీసి పెట్టుకోండి. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఒకలా, సర్టిఫికెట్లో ఇంకోలా ఉంటే ఆ రోజే సరిచేయించండి.

ఇక్కడ మొహమాటం లేకుండా ఒక మాట చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లల్ని పేరోల్‌లో లేకుండా, క్యాష్ ఇచ్చి రాత్రిళ్లు కౌంటర్‌లో పెట్టుకునే స్టోర్లు ఉన్నాయి. అలాంటి పిల్లవాడు అమ్మితే మీ దగ్గర చేరిన తేదీ ఉండదు, టైమ్ కార్డు ఉండదు, పాలసీ మీద సంతకం ఉండదు. సేఫ్ హార్బర్‌కి కావాల్సిన ఒక్క ఆధారమూ మిగలదు. ఆ పిల్లవాడి పరిస్థితి ఇంకా ఘోరం. మైనర్‌కి అమ్మడం టెక్సస్‌లో క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో అన్నిటికంటే పెద్ద తరగతి. 4,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు. మీకు సేఫ్ హార్బర్ దొరికినా అది మీకే. అమ్మిన చేతులకు కాదు. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. తల్లిదండ్రులు అప్పుచేసి పంపిన చదువు గంటకి పది డాలర్ల నైట్ షిఫ్ట్ దగ్గర ఆగిపోతుంది. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఇక మూడో షరతు, ప్రోత్సాహం. ‘మైనర్లకు అమ్ము’ అని ఏ ఓనరూ నోటితో చెప్పడు. అందుకే చట్టంలో ‘పరోక్షంగా’ అనే మాట ఉంది. 20801 ఇన్‌కార్పొరేటెడ్ అనే సంస్థ కేసులో 2008లో టెక్సస్ సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. మొదటి రెండు షరతులూ నెరవేర్చానని యజమాని చూపించాలి. ప్రోత్సహించాడని మాత్రం అవతలివాళ్లు రుజువు చేయాలి. అయితే ఆ రుజువుకి తెలిసి చేసిన ఆదేశమే అక్కర్లేదు. మామూలు తెలివున్న వ్యాపారి ఎవరైనా ‘ఇలా నడిపితే తప్పుకి ఊతమిచ్చినట్టే’ అని గ్రహించాల్సిన తీరులో మీ స్టోర్ నడుస్తుంటే చాలు. దీనికి తోడు కమిషన్ రూల్ ఒకటుంది. 12 నెలల్లో రెండుసార్లకు మించి ఇలాంటి అమ్మకాలు జరిగాయని రుజువైతే, యజమానే ప్రోత్సహించాడని ప్రాథమికంగా తీసుకుంటారు. మూడో టికెట్ వచ్చేనాటికి మీ ఫైల్లో ఎన్ని సర్టిఫికెట్లున్నా, ప్రోత్సహించలేదని చూపించే భారం మీ మీదే పడుతుంది.

ప్రోత్సాహం ఎలా బయటపడుతుందో దగ్గరగా చూడండి. బీరు స్కాన్ చేయగానే రిజిస్టర్ పుట్టిన తేదీ అడుగుతుంది. క్లర్కు తొందరలో 01/01/1980 అని కొట్టేస్తాడు. లైన్లో నలుగురుంటే నలుగురికీ అదే తేదీ. కొన్ని రిజిస్టర్లలో ‘చూడగానే పెద్దవాడు’ అనే బటన్ ఒకటుంటుంది, దాన్ని నొక్కేస్తాడు. ఇదంతా జర్నల్‌లో, అంటే రిజిస్టర్ ప్రతి అమ్మకాన్నీ దాచుకునే రికార్డులో, నమోదవుతుంది. కేసు పడ్డాక అవతలి లాయర్ మూడు నెలల జర్నల్ తెప్పించుకుని, వరసగా వందల అమ్మకాలకి ఒకే పుట్టినరోజు ఉన్న కాగితాలు జ్యూరీ ముందు పరుస్తాడు. ‘ఈ రిపోర్టు మీరెప్పుడైనా చూశారా?’ అని మిమ్మల్ని అడుగుతాడు. చూడలేదంటే నిర్లక్ష్యం, చూసి ఊరుకున్నానంటే అంతకంటే అన్యాయం. కాబట్టి వారానికోసారి ఆ రిపోర్టు తీసి, ఒకే తేదీ పదే పదే కనిపిస్తే ఆ షిఫ్టు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడి, ఏం చెప్పారో రెండు లైన్లు రాసి సంతకం పెట్టించండి. ఖర్చులేని పని. కేసులో ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు.

ఐడీ అడగాలని టెక్సస్ చట్టం అక్షరాలా ఎక్కడా చెప్పదు. మైనర్‌కి అమ్మితే మాత్రం నేరం. ప్రభుత్వం ఇచ్చినట్టు కనిపించే, ఫొటో, వివరాలు మనిషితో సరిపోయే, 21 నిండినట్టు చూపించే దొంగ ఐడీ చూపించి మోసం చేస్తే అమ్మినవాడికి రక్షణ ఉంది. అడగకపోతే ఆ రక్షణే పుట్టదు. అందుకే మీ పాలసీలో ‘30 ఏళ్లలోపు కనిపించే ప్రతివాడిదీ చూడాలి’ అని రాసుకోండి. 21 లోపు వాళ్లకి టెక్సస్ ఇచ్చే లైసెన్స్ నిలువుగా ఉంటుంది, దాని మీద ఏ తేదీ వరకు 21 లోపో అచ్చువేసి ఉంటుంది. అది చేతిలో పట్టుకుని కూడా అమ్మేశారంటే వాదించడానికేమీ మిగలదు. ఇండియన్ పాస్‌పోర్ట్‌లో తేదీ ముందు, నెల తర్వాత ఉంటుందని అమెరికన్ క్లర్కులకు తప్పకుండా చెప్పండి. 05/08 అని ఉంటే అది ఆగస్టు 5, మే 8 కాదు. మూడు నెలల తేడా, 21 నిండే ఏడాదిలో అది నేరానికీ నేరం కానిదానికీ మధ్య తేడా.

పర్మిట్ మాటకొస్తే, మైనర్‌కి అమ్మకం మొదటిసారైతే చట్టం ప్రకారం 90 రోజుల వరకు సస్పెన్షన్ గానీ, రద్దు గానీ చేసే అధికారం కమిషన్‌కి ఉంది. రెండోసారి ఆరు నెలల వరకు, 36 నెలల్లో మూడోసారైతే ఏడాది వరకు. మొదటిదానికే రద్దు చేస్తారని భయపడి నిద్ర మానుకోకండి. మామూలుగా కొన్ని రోజుల సస్పెన్షన్, లేదా దానికి బదులు రోజుకింత చొప్పున జరిమానా కట్టే అవకాశం ఇస్తారు. ఆ రోజువారీ జరిమానా చట్టంలో 150 నుంచి 25,000 డాలర్ల దాకా ఉంది. నోటీసుతో పాటు సెటిల్‌మెంట్ కాగితం వస్తుంది. తొందరపడి సంతకం పెట్టకండి. పెడితే తప్పు ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది, రెండోదానికి లెక్క అక్కణ్నుంచి మొదలవుతుంది. సేఫ్ హార్బర్‌కి మీరు అర్హులైతే ముందు ఆ రికార్డులు రాతపూర్వకంగా పంపండి. తేలకపోతే రాష్ట్ర పరిపాలనా విచారణల ఆఫీసులో జడ్జి ముందు వాదించుకునే హక్కు ఉంది. టీఏబీసీ కేసులు చూసే లాయర్‌ని ఈ దశలోనే పెట్టుకోండి, తర్వాత కాదు.

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. కెమెరా డీవీఆర్ పాత రికార్డింగ్ మీద కొత్తది రాసేస్తుంది, కొన్నిచోట్ల రెండు వారాలకే. అమ్మకానికి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత వరకు, రిజిస్టర్ కెమెరాదీ, తలుపుదీ, పార్కింగ్‌దీ అన్నీ వేరే డ్రైవ్‌లోకి తీసి పెట్టండి. రసీదు, ఆ షిఫ్టు జర్నల్, టైమ్ కార్డు, సర్టిఫికెట్, పాలసీ మీద సంతకం కలిపి ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. వీడియోలో మీకు వ్యతిరేకమైనది కనిపించినా తీసేయకండి. పాలసీ లేకపోతే ఇప్పుడు రాసి పాత తేదీ వేయకండి. మామూలుగా అయితే కొన్ని రోజుల సస్పెన్షన్‌తో పోతుంది; సాక్ష్యం తారుమారు చేస్తే జైలు కేసు అవుతుంది.

సేఫ్ హార్బర్ కప్పనిది కూడా తెలుసుకోండి. అది మైనర్, మత్తు అమ్మకాలకే. వేళలు దాటి అమ్మితే వర్తించదు. స్టోర్లలో బీరు, వైన్ సోమవారం నుంచి శుక్రవారం ఉదయం 7 నుంచి అర్ధరాత్రి 12 వరకు, శనివారం రాత్రి ఒంటిగంట వరకు, ఆదివారం ఉదయం 10 నుంచి అర్ధరాత్రి వరకు. ఆదివారం అమ్మకం మొదలయ్యే వేళ మధ్యాహ్నం 12 నుంచి ఉదయం 10కి మారింది 2021 సెప్టెంబరులో. రిజిస్టర్ గడియారం ఐదు నిమిషాలు వెనకున్నా రసీదు మీద 11:58 అని, ఏజెంటు ఫోన్లో 12:03 అని ఉంటుంది. రిజిస్టర్‌లోనే వేళలు లాక్ చేయించండి.

ఇక అసలు భయం, యాక్సిడెంట్. టెక్సస్‌లో దీన్ని డ్రామ్ షాప్ చట్టం అంటారు, 1987లో వచ్చింది. అమ్మే సమయానికి ఆ మనిషి తనకూ ఇతరులకూ ప్రమాదం అనిపించేంతగా మత్తులో ఉన్నట్టు అమ్మినవాడికి స్పష్టంగా కనిపించాలి, ఆ మత్తే నష్టానికి కారణమై ఉండాలి. రెండూ రుజువైతే అమ్మిన వ్యాపారం పరిహారం కట్టాలి. ఇది బార్లకే అనుకునేవాళ్లు ఎఫ్.ఎఫ్.పీ. ఆపరేటింగ్ పార్ట్‌నర్స్ కేసు చూడాలి. 1997లో అంతకుముందే బాగా తాగిన మనిషి కన్వీనియన్స్ స్టోర్‌లో 12 బీరు క్యాన్ల ప్యాక్ కొని, కొంచెం దూరం వెళ్లేసరికే ఒక కుటుంబం ఉన్న కారును గుద్దాడు. కింది కోర్టు దాదాపు 3.5 కోట్ల డాలర్ల తీర్పిచ్చింది. 2007లో టెక్సస్ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, తాగి నడిపినవాడి తప్పు ఎంత, స్టోర్ తప్పు ఎంత అని జ్యూరీ శాతాలు వేయాలంది. మీ వాటా 50 శాతం దాటితే మొత్తం పరిహారం మీ నుంచే రాబట్టుకోవచ్చు. 50, అంతకు తక్కువైతే మీ వాటా మేరకే. సేఫ్ హార్బర్ ఈ దావాల్లోనూ పనిచేస్తుంది. ఘోరమైన యాక్సిడెంట్లు జరిగితే ఆ మనిషి చివరగా ఎక్కడ తాగాడు, ఎక్కడ కొన్నాడు అని వెనక్కి తవ్వడానికి టీఏబీసీకి ట్రేస్ అనే ప్రత్యేక కార్యక్రమం ఉంది. రసీదు, కార్డు లావాదేవీ పట్టుకుని మీ కౌంటర్ దాకా వస్తారు. దావా వేయడానికి వాళ్లకి రెండేళ్ల గడువు.

స్టోర్‌లో మత్తు కనిపెట్టడం కష్టం, మనిషి రెండు నిమిషాలే ఎదురుగా ఉంటాడు. అందుకే కుర్రాళ్లకి చూడాల్సింది నేర్పించాలి. కారు రెండు గీతల మధ్య వంకరగా ఆపి దిగాడా, నడుస్తూ షెల్ఫ్ పట్టుకున్నాడా, కార్డు కింద పడేసి తీయలేకపోతున్నాడా, పిన్ మూడుసార్లు తప్పు కొట్టాడా, నోటి దగ్గర వాసన, ఎర్రకళ్లు, ముద్దమాట. వీటిలో రెండు కనిపిస్తే అమ్మకూడదు. ‘సారీ సర్, ఈ రోజు అమ్మలేను’ అంతే. వాదన వద్దు, ‘నువ్వు తాగావు’ అనొద్దు. గొడవైతే పోలీసులకి ఫోన్. తర్వాత పుస్తకంలో టైము, మనిషి గుర్తులు, ఎందుకు కాదన్నాడో ఒక్క లైను. ఆ పుస్తకమే రేపు మీ స్టోర్ కాదనే స్టోర్ అని చూపించేది. కాదన్నందుకు కుర్రాణ్ణి ఎప్పుడూ తిట్టకండి. ‘రోజూ వచ్చే కస్టమర్‌ని పోగొట్టావ్’ అని ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు, పరోక్ష ప్రోత్సాహానికి అది రాతపూర్వక సాక్ష్యం.

రెస్టారెంట్ సంగతి ఇంకా జాగ్రత్త, అక్కడ మనిషి మీ కళ్ల ముందే మూడు గంటలు కూర్చుంటాడు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 355 మిల్లీలీటర్ల 5 శాతం బీరు, 148 మిల్లీల వైన్, లేదా 44 మిల్లీల 40 శాతం విస్కీ. మన లార్జ్ పెగ్ 60 మిల్లీలు, అంటే దాదాపు 1.4 డ్రింకులు. ‘మూడే పెగ్గులు పోశాను’ అన్న సర్వర్ నాలుగు డ్రింకులు పోశాడు. 650 మిల్లీల పెద్ద బీరు సీసా ఒకటి దాదాపు 1.8 డ్రింకులు. ఒంట్లోంచి దిగేది సుమారుగా గంటకి ఒక డ్రింకు. చేతివాటంగా పోయడం మాన్పించి పెగ్ మెజర్ వాడించండి, టేబుల్ టికెట్ మీద మనిషికి ఇన్ని అని గీతలు పెట్టించండి. ఎంత తాగినా ఒకే ధర అనే ఆఫర్లు, రాత్రి 11 తర్వాత తగ్గింపు ధరలు టెక్సస్‌లో నిషిద్ధం. అలాంటి పోస్టర్ ఒక్కటి గోడ మీదుంటే సేఫ్ హార్బర్ వాదన చాలా బలహీనపడుతుంది.

మన రెస్టారెంట్లలో జరిగే అసలు తప్పు వేరే. సర్వర్ అమ్మాయి ‘ఆ టేబుల్‌కి ఇక చాలు’ అంటుంది. టేబుల్ పెద్దాయన మేనేజర్‌ని పిలిచి ‘ఏంటి బాబూ, మన వాళ్లమే కదా’ అంటాడు. మేనేజర్ మొహమాటపడి తనే గ్లాసు తెచ్చిపెడతాడు. ఇంకొన్నిచోట్ల పార్ట్‌నరే స్నేహితుల దగ్గర కూర్చుని సీసా తెరుస్తాడు. మొదటిదానిలో పైవాడే కిందివాడి కాదన్న మాట కొట్టేశాడు. రెండోదానిలో వడ్డించింది ఓనరే, సేఫ్ హార్బర్ వర్తించదు. పార్ట్‌నర్‌షిప్ ఒప్పందంలోనే రాసుకోండి: సర్వర్ కాదన్నాక పార్ట్‌నర్లతో సహా ఎవరూ తిరిగి పోయకూడదు.

ఇల్లు గురించి. టెక్సస్ రాజ్యాంగం సొంత ఇంటికి, ఊళ్లో పది ఎకరాల వరకు, మామూలు తీర్పుల నుంచి రక్షణ ఇస్తుంది. కాబట్టి మీరు కాపురముండే ఇల్లు వేలం వేయరు. అద్దెకిచ్చిన రెండో ఇల్లు, స్టోర్, బ్యాంకులోని డబ్బుకు ఆ రక్షణ లేదు. ఎల్ఎల్‌సీ కంపెనీ అప్పుల నుంచి కాపాడుతుంది గానీ, మీ చేతులతో మీరు అమ్మిన తప్పు నుంచి కాదు. మీ దగ్గరున్న జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి, మద్యం అమ్మే వ్యాపారాలకి మద్యం వల్ల వచ్చే నష్టాలు వర్తించవని అందులో మినహాయింపు ఉంటుంది. లిక్కర్ లయబిలిటీ ఇన్సూరెన్స్ వేరుగా కొనాలి. కొనేటప్పుడు మద్యం అమ్మకాల మొత్తం తగ్గించి చెప్పకండి, ప్రీమియం దాని మీదే ఆధారపడుతుంది, క్లెయిమ్ రోజున ముందు అదే లెక్క తీస్తారు. లాయర్ ఖర్చులు లిమిట్‌లోంచే పోతాయా, విడిగా ఇస్తారా అనీ, రెస్టారెంటుకైతే కొట్లాటల మినహాయింపు ఉందా అనీ ఏజెంటుని రాతపూర్వకంగా అడగండి.

ఇదంతా టెక్సస్‌కే. కాలిఫోర్నియాలో స్టోర్ ఉన్న మీ బావగారికి ఇదే చెప్పకండి. అక్కడ అమ్మినవాడి మీద సివిల్ దావా దాదాపుగా, స్పష్టంగా మత్తులో ఉన్న మైనర్‌కి అమ్మినప్పుడే నిలుస్తుంది. న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటిచోట్ల మళ్లీ వేరే చట్టాలు.

మీ కుర్రాడి సర్టిఫికెట్ తేదీ, చేరిన తేదీ, పాలసీ మీద సంతకం పెట్టిన తేదీ, ఈ మూడూ ఇక్కడ రాయండి, పేరు వద్దు. పోయిన 12 నెలల్లో ఇంకేవైనా టికెట్లు వచ్చాయా అన్నదీ రాయండి. అవి చూస్తే నోటీసుకి జవాబు ఎలా ఇవ్వాలో చెప్పగలను. వీడియో మాత్రం ఈ రాత్రే తీసి పెట్టుకోండి.